ఇంటికొకరు

గ్రీసు కొండల్లోని మావ్రొలితికి అమెరికా కంచరగాడిదలు వచ్చిన రోజు ఊరు ఊరంతా చర్చి ముందున్న బయల్లోకి చేరింది. అంతకుముందే గోధుమపిండి వచ్చింది, పాలపొడి డబ్బాలు వచ్చాయి, సైన్యానికి లారీలూ తుపాకులూ బూట్లూ వచ్చాయి. ప్రాణమున్న సరుకు రావడం మాత్రం అదే మొదలు. ఊళ్ళో ఉన్న పశువుల్లో కొన్నిటిని యుద్ధంలో జర్మన్లు తోలుకుపోయారు. మిగిలినవాటిని ఆ తర్వాతి ఆకలి మింగేసింది. అందుకే లారీ వెనక తలుపు తెరిచి, పలక వాల్చి, నల్లగా నిగనిగలాడే ఆ పెద్ద జంతువుల్ని దింపుతూంటే ముసలివాళ్ళు నోరు తెరుచుకుని చూశారు.

వాటితో పాటు ఒక అమెరికా సార్జెంటు దిగాడు. పేరు ఓర్విల్ టేట్. ఎండకు కమిలిన మెడ, తొందర లేని నడక. మిస్సోరీ అనే చోట వాళ్ళ నాన్న ఈ జంతువుల్నే పెంచి అమ్మేవాడట. అతని మాటలు గ్రీకులో చెప్పడానికి పాండెలీస్ ఉన్నాడు. పాండెలీస్ పక్క ఊరివాడే. చికాగోలో చాలాకాలం హోటల్లో వంట చేసి, పిల్లని చూసుకుని పెళ్ళి చేసుకుపోదామని వచ్చి, యుద్ధం మొదలై ఇరుక్కుపోయాడు. పెళ్ళీ కాలేదు, చికాగోకీ పోలేదు.

"వీటిని అమెరికా జనం మీకోసం పంపించారు. ఈయనా, వాళ్ళ ప్రెసిడెంటూ ఒకే రాష్ట్రం వాళ్ళంట. ఈ కంచరగాడిదలూ అక్కడివే," అన్నాడు పాండెలీస్.

జోయిత్సా చొరవగా ముందుకొచ్చి ఒకదాని తాడు పట్టుకుని లాగింది. అది కదల్లేదు. అదిలించింది. తిట్టింది. ఆ జంతువు చెవులు వెనక్కి వాల్చి ఆకాశం వైపు చూసింది. టేట్ నవ్వుతూ దగ్గరికొచ్చి నాలుక టకటకలాడించి, "గిడప్" అన్నాడు. బుద్ధిగా నడిచింది. "వో" అన్నాడు. ఆగింది.

"చూశావా అక్కా," అంది జోయిత్సా, పక్కనున్న తోడికోడలు క్రిస్తాలోతో. "జంతువుకి కూడా ఇంగ్లీషొచ్చు. మనకే రాదు."

అందరూ నవ్వారు. చాలాకాలానికి ఆ బయల్లో వినపడిన నవ్వు అది.

అప్పుడు సైన్యం కెప్టెన్ స్కార్లాతోస్ చర్చి మెట్టెక్కాడు. "సామాను కొండ మీదికి చేరాలి. నా దగ్గర మగవాళ్ళు చాలరు. ఆడవాళ్ళు తోలాలి. ఇంటికొకరు రండి," అన్నాడు.

నవ్వు ఆగిపోయింది. ఆ మాట ఊరికి కొత్త కాదు. చలికాలంలో కమ్యూనిస్టు గెరిల్లాలు కొండ దిగి వచ్చినప్పుడు వాళ్ళ నాయకుడూ ఆ మెట్టు మీదే నిలబడి, ఆ మాటే అన్నాడు. ఇంటికొకరు. సైన్యం వాళ్ళని బందిపోట్లంటుంది. వాళ్ళు సైన్యాన్ని అమెరికా కూలీలంటారు. ఊరివాళ్ళు మాత్రం ఎవరూ వినని చోట పైవాళ్ళు, కిందవాళ్ళు అనుకుంటారు.

పైవాళ్ళు వచ్చిన రోజున క్రిస్తాలో ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఆమె, కూతురు లంబ్రినీ. మొగుణ్ణి, ఊరు తగలబెట్టిన ఏడాదే జర్మన్లు చర్చి గోడకి నిలబెట్టి కాల్చారు. పిల్లని ఉన్ని మూటల వెనక దాచి క్రిస్తాలో గుమ్మంలో నిలబడింది. "నేనొస్తాను, పదండి," అంది. వచ్చినవాడు మొరటువాడేం కాదు. "నీ మోకాళ్ళు మాకెందుకమ్మా, వయసులో ఉన్న పిల్లుందిగా," అన్నాడు. ఇంకొకడు తుపాకీ కొసతో ఉన్ని మూటల్ని పొడవడం మొదలుపెట్టాడు. ఒంటికంటుకున్న ఉన్ని దులుపుకుంటూ లంబ్రినీయే బయటికొచ్చింది. "అమ్మ జోలికి పోకండి. వస్తున్నాగా," అంది. తల్లిని కావలించుకోలేదు. కావలించుకుంటే వదల్లేనని భయపడిందని క్రిస్తాలో తనకి తాను చెప్పుకుంది.

వసంతంలో ఒక గొర్రెల కాపరి ఆమెని చూశానని చెప్పాడు. జుట్టు కత్తిరించుకుందట. భుజాన తుపాకీ ఉందట.

"ఏడుస్తోందా?" అని అడిగింది క్రిస్తాలో.

"లేదు. పాడుతోంది."

అప్పట్నుంచి క్రిస్తాలోకి కూతురి కోసం ఎలా ఏడవాలో తెలియకుండా పోయింది. ఎత్తుకుపోయిన పిల్ల కోసం ఏడవొచ్చు. ఇష్టపడి ఉండిపోయిన పిల్ల మీద కోపం తెచ్చుకోవచ్చు. పాడుతున్న పిల్ల ఈ రెంటిలో ఏదో చెప్పేవాళ్ళు లేరు.

ఇప్పుడు కెప్టెన్ వరుసగా ఒక్కొక్కరికీ ఒక తాడు అందిస్తూ ఆమె దగ్గర ఆగాడు.

"మా ఇంటి నుంచి ఒకరు వెళ్ళిపోయారు బాబూ," అంది క్రిస్తాలో.

జోయిత్సా ఆమె కొంగు పట్టి లాగింది.

"అది వాళ్ళ లెక్క. ఇది మా లెక్క," అన్నాడు కెప్టెన్, గొంతు పెంచకుండానే. "నీ కూతురు బందిపోట్లతో ఉంది. నిన్నింకా ఇంట్లోనే ఉండనిస్తున్నానంటే నీ మరిది స్టెర్యో మా కాపలా దళంలో ఉన్నాడు గనక. తాడు పట్టుకుంటావా, సముద్రం మధ్యలో ఖైదీల ద్వీపం ఉంది, అక్కడికి పంపించమంటావా?"

క్రిస్తాలో తాడు పట్టుకుంది.

దారి లోయ అంచునే పోయి ఎలియాస్ గుడి దిబ్బ దగ్గర ఆగుతుంది. ఫిరంగుల్ని అక్కడ నిలిపారు. లోయకి అవతల, కళ్ళకెదురుగా గద్దముక్కు శిఖరం. లంబ్రినీ దళం దాని మీదే ఉందని ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. క్రిస్తాలో కంచరగాడిద వీపు మీద గుండ్ల పెట్టెలు కట్టుకుని దిబ్బ మీదికి తోలుకెళ్ళేది. దింపగానే సైనికులు పెట్టె మూత పగలగొట్టి, ఆమె ఇంకా అక్కడుండగానే గుండు ఫిరంగిలో వేసేవారు. చప్పుడయ్యేది. అవతల కొండ మీద తెల్లటి పొగ లేచేది. ఆ పొగ ఎక్కడ లేచిందో చూడకుండా వెనక్కి తిరగడం ఆమె వల్ల అయ్యేది కాదు. చూసి, ఆ చోట ఎవరూ ఉండరులే అనుకుని, మళ్ళీ కిందికి వచ్చి, మళ్ళీ పెట్టెలు కట్టుకునేది.

జోయిత్సా దారి పొడుగునా మాట్లాడుతూనే ఉండేది. "ఆలోచించకక్కా. నువ్వు మోయకపోతే ఇంకెవరో మోస్తారు. గుండుకి ఎవరు మోసుకొచ్చారో తెలుస్తుందా ఏమన్నా?"

"నాకు తెలుస్తుందే."

"నీకు తెలిస్తే ఏం లాభం? నోరు మూసుకుని నడువు. నా మొగుడి ఉద్యోగం ఊడగొట్టేలా ఉన్నావు."

ఒక పొద్దున క్రిస్తాలో జంతువు పొట్ట చుట్టూ జీనుని బిగించే పటకాని వదులుగా కట్టింది. లోయ వైపు ఒరిగిన మలుపులో కంచరగాడిద పక్కకి అడుగేయగానే బరువు జారింది. పెట్టెలు రాళ్ళకి కొట్టుకుంటూ లోతుకి పోయాయి. ఏదీ పేల్లేదు. కంచరగాడిద బెదిరి వణుకుతూ నిలబడింది. క్రిస్తాలోకి చాలారోజుల తర్వాత ఒక పని చేసినట్టనిపించింది.

వెనక నుంచి టేట్ పరిగెత్తుకొచ్చాడు. ముందు జంతువు కాళ్ళు తడిమి చూశాడు. తర్వాత పటకా చూశాడు. తర్వాత ఆమె ముఖం చూశాడు. ఆమె తల దించుకుంది. పట్టుబడ్డాననుకుంది.

అతను ఆమె చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని, పటకా ఎలా బిగించాలో, ముడి ఎక్కడ వేయాలో మెల్లగా, చిన్నపిల్లకి నేర్పినట్టు నేర్పాడు. పాండెలీస్ ఒగరుస్తూ వచ్చాక, "ఆమె తప్పేం లేదని చెప్పు. పొట్టలో గాలి నింపుకోవడం వీటికి అలవాటు. కట్టేటప్పుడు బిగుతుగానే ఉంటుంది, నడిచాక వదులవుతుంది. నేనూ చిన్నప్పుడు చాలాసార్లు మోసపోయాను," అన్నాడు.

కెప్టెన్‌కీ అదే చెప్పి ఆమెని కాపాడాడు. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే వచ్చి క్రిస్తాలో కంచరగాడిద పటకా తనే స్వయంగా బిగించేవాడు. బిగించి, తట్టి, ఆమె వైపు చూసి నవ్వేవాడు. ఇక ఒక్క పెట్టె కూడా జారలేదు.

ఎండలు ముదిరాయి. గద్దముక్కు లొంగలేదు. ఒకరోజు కొత్త లారీ వచ్చింది. దాని నెత్తిన పువ్వు ఆకారంలో పెద్ద పెద్ద లౌడ్‌స్పీకర్లు. దాన్ని దిబ్బ మీదికి ఎక్కించారు. మొదట బాండు వాయించారు. తర్వాత ఏథెన్సు నుంచి వచ్చిన ఎవరో అధికారి, లొంగిపోయినవాళ్ళకి క్షమాభిక్ష ఉందని చదివాడు. అవతలి నుంచి జవాబుగా తుపాకులు పేలాయి. ఆ అధికారి గొంతు ఎవరిదో అక్కడివాళ్ళకి తెలియదు కదా.

మధ్యాహ్నం కెప్టెన్ క్రిస్తాలోని పిలిపించాడు. లారీ నీడలో కుర్చీ వేయించి కూర్చోమన్నాడు. చల్లటి నీళ్ళిచ్చాడు. మర్యాద చూసి ఆమెకి భయం వేసింది.

"నీ కూతుర్ని పిలు. నీ గొంతు వింటే దిగి వస్తుంది. ఒక్కతి దిగితే పదిమంది దిగుతారు. పుణ్యం నీదే," అన్నాడు కెప్టెన్.

"వస్తే ఏం చేస్తారు?"

"చట్టం ప్రకారం చూస్తాం."

"చట్టం ఏం చేస్తుంది బాబూ?"

కెప్టెన్ సిగరెట్టు ముట్టించుకున్నాడు. కింది ఊరి కుర్రాడు ఒకడు, కోస్మాస్ కొడుకు, వసంతంలో చేతులెత్తి కొండ దిగి వచ్చాడు. అతన్ని పట్నం తీసుకెళ్ళారు. తర్వాత తండ్రిని వచ్చి బట్టలు తీసుకుపొమ్మన్నారు. అది ఆమెకీ తెలుసు, కెప్టెన్‌కీ తెలుసు.

"పిలవకపోతే?"

"రేపు విమానాలొస్తాయి. ఇన్నాళ్ళూ వేసింది గుండ్లే. రేపు వేసేది నిప్పు. రాయి కూడా కాలుతుంది. నేను నిన్ను బెదిరించడం లేదమ్మా. జరిగేది చెబుతున్నాను."

జోయిత్సా వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది. ఈసారి ఎకసెక్కం లేదు. "అక్కా, పిలవ్వే. నీకు దణ్ణం పెడతాను. దిగొస్తే జైల్లో పెడతారేమో, పెట్టనీ. జైల్లో ఉన్న పిల్లకి అన్నం తీసుకెళ్ళొచ్చు. కాలిపోయిన పిల్లకి ఏం తీసుకెళ్తావు?"

క్రిస్తాలో లారీ చక్రానికి ఆనుకుని నిలబడ్డ టేట్‌ని చూసింది. అతను బూట్ల వైపు చూసుకుంటున్నాడు.

"పాండెలీస్, ఆయన్ని అడుగు. నా పిల్ల దిగొస్తే చంపరని ఆయన మాటిస్తాడా?"

పాండెలీస్ అడిగాడు. టేట్ ముఖం ఎర్రబడింది. ఏదో చాలాసేపు చెప్పాడు.

"ఆయన సలహాకే వచ్చాడంట. కంచరగాడిదల్ని చూసుకోవడానికి. ఈ దేశంలో నిర్ణయాలు ఈ దేశం వాళ్ళవేనంట. మాటిచ్చే అధికారం తనకి లేదంట."

"గుండ్లు మీవి," అంది క్రిస్తాలో, సూటిగా టేట్‌తోనే, అతనికి అర్థం కాదని తెలిసి కూడా. "లారీ మీది. ఈ మైకు మీది. రేపొచ్చే విమానం మీది. నేను తోలే జంతువు మీది, దాంతో మాట్లాడే మాట కూడా మీదే. నా పిల్ల ప్రాణానికి వచ్చేసరికి మాత్రం మీది కాదా?"

టేట్ పాండెలీస్ వైపు చూశాడు. పాండెలీస్ గొంతు సవరించుకుని, "ఆమె మీకు థాంక్స్ చెబుతోంది," అని ఇంగ్లీషులో అన్నాడు. టేట్ నమ్మలేదు. టోపీ తీసి, తల గోక్కుని, లారీ అవతలి పక్కకి వెళ్ళిపోయాడు.

క్రిస్తాలో మైకు పట్టుకుంది. ఇనుము ఎండకి కాలుతోంది. లోయ నిశ్శబ్దంగా ఉంది. ఏం చెప్పాలో ఆమె అనుకుని పెట్టుకోలేదు. "లంబ్రినీ" అంది. తన గొంతే కొండకి కొట్టుకుని ఇంతలావై తిరిగి రావడంతో ఉలిక్కిపడింది.

"లంబ్రినీ, నేనే అమ్మని. బానే ఉన్నాను. నాకు నీళ్ళిచ్చారు, కుర్చీ వేశారు. నిన్ను రమ్మని పిలవమన్నారు." ఆగింది. కెప్టెన్ చెయ్యి ఊపి, కానీ, కానీ అన్నాడు. "వస్తే ఏం చేస్తారని అడిగానే. చెప్పలేదు. కోస్మాస్ కొడుకు దిగొచ్చాడు, తిరిగి ఇంటికి రాలేదు. రాకపోతే రేపు విమానాలు వచ్చి నిప్పు పోస్తాయంట. అది నిజమేనే అనిపిస్తోంది. నేను రమ్మని చెప్పలేను, వద్దని చెప్పలేను. నీకు అక్కడ ఎలా ఉందో నాకు తెలీదు. నీకు తోచింది చెయ్. నువ్వేం చేసినా నేను..."

కెప్టెన్ మైకు లాక్కున్నాడు. తీగ తెగి లౌడ్‌స్పీకరు కీచుమంది. అతను ఆమెని కొట్టలేదు గానీ కొట్టడానికి ఎత్తిన చెయ్యి అలాగే కాసేపు ఆగింది. "నిజం చెప్పడానికా నిన్ను పిలిచింది?" అన్నాడు.

ఆమెని గొర్రెల దొడ్లో పెట్టి కాపలా వేశారు. కాపలా స్టెర్యోదే. మరిది వదిన ముఖం చూడలేక తలుపుకి వీపు తిప్పి కూర్చున్నాడు.

మర్నాడు తెల్లగా తెల్లవారాక విమానాలు వచ్చాయి. రాళ్ళ గోడ సందుల్లోంచి క్రిస్తాలోకి గద్దముక్కు ఒక ముక్కగా కనిపించింది. విమానం వాలినప్పుడు చప్పుడు ముందు రాలేదు. మంట ముందు వచ్చింది. అది మామూలు మంటలా పైకి లేవలేదు. నీళ్ళలా కిందికి జారి, బండల మధ్య పారింది. తర్వాత నల్లటి పొగ శిఖరాన్ని కప్పేసింది. క్రిస్తాలో దొడ్డి తలుపు పట్టుకుని ఊపింది. స్టెర్యో బయట నుంచి, "వదినా, వద్దు వదినా," అంటూ ఏడ్చాడు గానీ గడియ తీయలేదు. తీస్తే అతనూ లోపలికే.

శిఖరం చేతికొచ్చాక కెప్టెన్‌కి మనుషులు కావలసి వచ్చింది. గాయపడిన సైనికుల్నీ, ప్రాణాలతో దొరికిన గెరిల్లాల్నీ కిందికి దింపాలి. దొడ్డి తలుపు తీసి క్రిస్తాలో చేతిలో మళ్ళీ ఆ తాడే పెట్టారు. ఎలాగైనా పైకి వెళ్ళాలని ఆమెకీ ఉంది.

గద్దముక్కు మీద నేల ఇంకా వేడిగా ఉంది. పైన్ చెట్లు నల్లటి కర్రల్లా నిలబడ్డాయి. ఆమె ఒక్కొక్క శవం దగ్గరా వంగి చూసింది. కొందరి ముఖాలు తెలుస్తున్నాయి. కొందరివి తెలియడం లేదు. తెలియని వాళ్ళ చేతులు చూసింది. పళ్ళు చూసింది. లంబ్రినీ అని ఎవరినీ అనలేకపోయింది, కాదని కూడా అనలేకపోయింది.

ఒక బండ చాటున పక్క ఊరి వాయా దొరికింది. తొడలో తూటా, ఒక భుజం కాలింది. లంబ్రినీతో పాటే చలికాలంలో వెళ్ళిన పిల్ల. సైనికులు ఆమెని ఎత్తి క్రిస్తాలో కంచరగాడిద మీద కట్టారు. వెనక ఒక సైనికుడు తుపాకీతో నడుస్తున్నాడు. మలుపుల దగ్గర అతను కొంచెం వెనకబడేవాడు. ఆ కాస్త ఎడంలోనే వాయా మాట్లాడింది, ముఖం జంతువు మెడలో దాచుకుని.

"అత్తా, లంబ్రినీ ఇక్కడ లేదు."

"ఎక్కడుంది?"

"నువ్వు మాట్లాడావుగా. అందరం విన్నాం. అదంతా మోసం, ఎవరో ఆడదాని చేత చెప్పిస్తున్నారు అన్నాడు మా నాయకుడు. లంబ్రినీ ఏమందో తెలుసా? మోసమైతే తియ్యగా మాట్లాడేవాళ్ళు, ఇది మా అమ్మే అంది. నవ్వింది కూడా."

సైనికుడు దగ్గరికొచ్చాడు. ఇద్దరూ నోరు మూశారు. కంచరగాడిద గిట్టల చప్పుడు ఒక్కటే వినిపించింది. మళ్ళీ మలుపు వచ్చింది.

"తర్వాత?"

"నవ్విందనే వాళ్ళకి అనుమానం వచ్చింది. తల్లి కిందవాళ్ళ దగ్గరుంది, కూతురు ఇవాళో రేపో దిగిపోతుంది, మన సంగతులన్నీ చెప్పేస్తుందన్నారు. తుపాకీ లాక్కున్నారు. గాయపడినవాళ్ళని సరిహద్దు దాటిస్తుంటే వాళ్ళతో పాటు పంపేశారు, కాపలా పెట్టి. విమానాలు రాకముందే. ఈపాటికి అల్బేనియాలో ఉండుంటుంది."

"బతికుందా?"

"బతికే ఉంది అత్తా. నీ మాట వల్లే ఇక్కడ లేకుండా పోయింది. కానీ ఇక దాన్ని వాళ్ళు నమ్మరు. ఇటూ రానివ్వరు."

క్రిస్తాలో అసలు అడగాలనుకున్నది అడిగింది. "దిగి వద్దామనుకుందా? నా దగ్గరికి?"

వాయా నొప్పితో పళ్ళు బిగించింది. "నీ మాటయ్యాక కూర్చుని బూట్ల తాళ్ళు బిగించి కట్టుకుంది. ఎటు పోవడానికో నాతో చెప్పలేదు. కట్టుకోవడం అయ్యేలోపే వాళ్ళొచ్చారు."

దిబ్బ కింద కెప్టెన్ బల్ల వేయించుకుని కూర్చున్నాడు. దింపిన ప్రతి మనిషినీ అతను ఒకసారి చూసేవాడు. వాయాని చూశాడు, తర్వాత క్రిస్తాలోని చూశాడు.

"నీ కూతురు కనిపించిందా?"

క్రిస్తాలో నోరు తెరిచింది. అల్బేనియాలో ఉందంటే, శత్రుదేశానికి పారిపోయిన కమ్యూనిస్టు తల్లి. ద్వీపం ఖాయం. స్టెర్యో ఉద్యోగం పోతుంది, జోయిత్సా పిల్లల పొట్ట పోతుంది. తెలియదంటే, తెలిసేదాకా అడుగుతారు.

ఆమె ఏదీ అనకముందే వాయా తలెత్తింది. "లంబ్రినీ చచ్చిపోయింది. మొదటి విమానానికే. నా కళ్ళ ముందే కాలిపోయింది," అంది.

కెప్టెన్ కలం పక్కన పెట్టాడు. తర్వాత టోపీ తీశాడు. "దేవుడు క్షమించుగాక. నేను నీకు చెప్పానమ్మా. నువ్వు వినలేదు," అన్నాడు. ఆ గొంతులో నిజంగానే జాలి ఉంది.

అందరూ క్రిస్తాలో వైపు చూస్తున్నారు. జోయిత్సా చూస్తోంది, సైనికులు చూస్తున్నారు, కట్టు కట్టించుకుంటున్న వాయా చూస్తోంది. ఇప్పుడు ఏడవకపోతే ఆ పిల్ల చెప్పింది అబద్ధమని తేలిపోతుంది. క్రిస్తాలో నేల మీద కూలబడి, తలగుడ్డ లాగేసి, కూతురి పేరు పెట్టి శోకాలు తీసింది. నటనగా మొదలైన ఏడుపు మధ్యలో ఎక్కడో ఆమె చేయి దాటిపోయింది. చలికాలం నుంచి ఎలా ఏడవాలో తెలియక దాచుకున్నదంతా బయటికొచ్చింది. టేట్ వచ్చి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఏదో అన్నాడు. దాన్ని గ్రీకులో చెప్పడానికి పాండెలీస్‌కి నోరు రాలేదు.

వాయాని లారీలో ఎక్కించి పట్నం తీసుకెళ్ళారు. ఆమె గురించి ఎవరిని అడిగినా ప్రమాదమే గనక క్రిస్తాలో అడగలేదు.

ఇక ఆమె జోలికి ఎవరూ రాలేదు. ద్వీపం మాట కెప్టెన్ మళ్ళీ ఎత్తలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, ఆమె బట్టలు నల్లరంగు నీళ్ళలో ముంచి ఇచ్చారు. మొగుడి కోసం కట్టిన నలుపు వెలిసి బూడిద రంగుకి వచ్చింది, ఇది కొత్త నలుపు. ఇంట్లో ఉన్నప్పుడు కూడా విప్పడానికి వీల్లేదు. తలుపు తట్టకుండా వచ్చే ఊరు అది. ఒక్కోసారి పొయ్యి దగ్గర కూర్చుని, పిల్ల అక్కడ ఏం తింటోందో, ఏ భాష మాట్లాడుతోందో అనుకుని, పెదవుల మీదికి వచ్చిన మాటని వెనక్కి మింగేది. జోయిత్సాకి చెబుదామని ఎన్నోసార్లు అనుకుంది. జోయిత్సా తన మొగుడికి చెబుతుంది. స్టెర్యో మంచివాడే. మంచివాడు గనకే ఎవరైనా గట్టిగా అడిగితే చెప్పేస్తాడు.

నలభయ్యో రోజు దగ్గర పడింది. చనిపోయినవాళ్ళకి చర్చిలో గోధుమలు ఉడికించి పెట్టాలి, పూజారి పేరు చదవాలి. "నాకు చేతకావడం లేదే, వద్దులే," అంది క్రిస్తాలో.

"వద్దంటే ఎలాగక్కా?" అంది జోయిత్సా, కళ్ళు తుడుచుకుంటూ. "గోతిలో పెట్టుకోవడానికి ఎముక కూడా దక్కలేదు దానికి. ఈ పాటి కూడా చేయకపోతే నలుగురూ ఏమనుకుంటారు? నువ్వు కూర్చో. అన్నీ నేను చూసుకుంటా."

అన్నీ ఆమే చూసుకుంది. గోధుమలు ఉడికించి, ఆరబెట్టి, చక్కెరా కిస్మిస్‌లూ బాదం పలుకులూ కలిపి, పళ్ళెంలో గుట్టగా పోసి, పైన దానిమ్మ గింజలతో శిలువ గీసింది. బతికున్న మనిషికి ఇలా పెడితే ఆయుష్షు తగ్గుతుందని క్రిస్తాలో వాళ్ళ అమ్మ చెప్పేది. ఆ మాట గుర్తొచ్చి ఆమె చర్చి గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. వెనక నుంచి ఆడవాళ్ళు, పాపం అనుకుంటూ, చేతులు పట్టి లోపలికి నడిపించారు.

పూజారి పోయినవాళ్ళ పేర్లు చదివాడు. క్రిస్తాలో మొగుడి పేరు వచ్చింది. దాని పక్కనే లంబ్రినీ పేరు వచ్చింది. జనం శిలువ గుర్తు వేసుకున్నారు. క్రిస్తాలో చెయ్యి నుదుటి దాకా వెళ్ళి ఆగింది. కెప్టెన్ కూడా వచ్చి వెనక వరసలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. చెయ్యి కిందికి దించింది, కుడి భుజానికి తాకించింది, ఎడమ భుజానికి తాకించింది.

బయట బయల్లో జోయిత్సా పళ్ళెం పట్టుకుని అందరికీ పిడికెడేసి పంచింది. తింటూ, దేవుడు ఆ పిల్లని క్షమించుగాక అన్నారు. చివరికి పళ్ళెం క్రిస్తాలో ముందుకి వచ్చింది. తల్లి తినకుండా ఎవరూ కదలరు.

ఆమె అరచెయ్యి పట్టింది. గోధుమలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. నోట్లో వేసుకుంది. తియ్యగా ఉన్నాయి. నమిలింది. అందరూ చూస్తూండగా మింగింది.

"ఇంకొంచెం తిను అక్కా," అంది జోయిత్సా, ప్రేమగా. "పొద్దున్నించీ నువ్వేం తినలేదు."

క్రిస్తాలో మళ్ళీ చెయ్యి చాపింది.